సెక్కర చీటీ

పోయిన వారం మా చిన్నోడు బడి నుంచి వచ్చీ రాగానే సంచి మంచం మీద పారేసి, డిక్టేషన్ నోట్సు మాత్రం తీసి పరుపు కింద దాచాడు. రెండు గదుల ఇంట్లో నా కంట పడకుండా ఏం దాస్తాడు! తీసి చూశాను. పదికి నాలుగు.

తప్పుపోయిన ఆరు మాటలూ చూస్తే నాకే నవ్వొచ్చింది. 'నైఫ్'కి ముందు కే లేదు, ఎన్‌తోనే మొదలుపెట్టాడు. 'ఐలాండ్'లో ఎస్ లేదు. 'రిసీట్'లో పీ లేదు. అప్పుకి ఇంగ్లీషు మాట 'డెట్'లో బీ లేదు. 'హాఫ్'లో ఎల్ లేదు. ఇక బుధవారం సంగతి చెప్పక్కర్లేదు, 'వెన్స్‌డే' అని ఎట్లా పలుకుతామో అట్లే రాసిపెట్టాడు. అన్నింటి కిందా ఎర్ర గీతలు. పక్కన, ఒక్కోటి ఇరవై సార్లు రాసుకుని రమ్మని.

"పలకనప్పుడు ఎందుకు రాయల్లమ్మా?" అన్నాడు వాడు. ఏడుపు గొంతుతో కాదు, తగాదాకి వచ్చినట్టే అడిగాడు.

నేను తెలుగు బి.ఏ. చదివిన దాన్ని. ఇట్లాంటి ప్రశ్నకు జవాబు నాలుక చివరే ఉంటుంది. "ఇంగ్లీషు అంతే నాయనా, రాసేదొకటి, పలికేదొకటి. అదే మన తెలుగు చూడు. ఎట్లా పలికితే అట్లా రాస్తాం, ఎట్లా రాస్తే అట్లా చదువుతాం. స్పెల్లింగుల పీడ లేదు" అన్నాను.

వాకిట్లో బండల మీద కూర్చుని మా అత్త చెనక్కాయలు ఒలుస్తా ఉంది. తల ఎత్తకుండానే అంది: "అట్లనా పాపా? మరి నా చీటీకి ఎర్ర పెన్ను ఎందుకు పెట్టినావు?"

ఇరవై ఏళ్ల కిందటి మాట అది. ఆమె ఎప్పుడో మర్చిపోయి ఉంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే నేనే మర్చిపోయాను.

మా అత్త చిన్నప్పుడు బడికి పోలేదు. 1990ల మొదట్లో ఊరూరా సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం అని రాత్రి బడులు పెట్టారు కదా, అప్పుడు లాంతరు వెలుగులో పలక పట్టి నేర్చుకుంది. అవే రోజుల్లో, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో అట్లా అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా అంగడి మీదికి పోయి ఆ పోరాటాన్ని రాష్ట్రమంతా అంటించారు. మా అత్త అంత పని చెయ్యలేదు గానీ, తన పనికి తగినంత చేసింది. బస్సు బోర్డు చదివేది. పేపరు కూడబలుక్కుని చదివేది. నెలకొకసారి అంగడికి పంపే సరుకుల చీటీ తనే రాసేది. ఆ చీటీ ఆమెకి ఎంత గొప్పో నేను కొత్త కోడలుగా వచ్చిన నెలలో గమనించలేదు.

చీటీ నా చేతికిచ్చి, "సూడు, ఏమన్నా ఇడిసిపెట్టినానేమో" అంది. ఆమె అడిగింది సరుకుల గురించి. నేను చూసింది అక్షరాలు. సెక్కర, సింతపండు, సెనక్కాయలు, బ్యాళ్లు, అగ్గిపెట్టి. చేతిలో ఎర్ర పెన్ను ఎట్లా ఉండిందో ఇప్పుడు గుర్తులేదు. ట్యూషన్ పిల్లల నోట్సులు దిద్దుతూ ఉన్నానేమో. సెక్కర కొట్టేసి చక్కెర, సింతపండు కొట్టేసి చింతపండు, సెనక్కాయలు కొట్టేసి వేరుశనగకాయలు అని రాశాను. బ్యాళ్లని కూడా వదల్లేదు, కందిపప్పు చేశాను. నవ్వుతూనే ఇచ్చాను, తప్పులు దిద్దినందుకు సంతోషపడుతుందనుకున్నాను కూడా.

ఆ తర్వాతి నెల నుంచి ఆమె చీటీ రాయలేదు. "నువ్వు రాయి పాపా, నీ రాత బాగుంటాది" అనేది. కోడలి చదువు మీద గౌరవం అనుకున్నాను. ఇరవై ఏళ్లూ అట్లనే అనుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడికి నేను చెప్పిన జవాబు ఎంతవరకు నిజం అని ఆలోచిస్తా ఉంటే, అసలు ఇంగ్లీషులో ఈ పలకని అక్షరాలు ఎక్కడివో చూద్దామనిపించింది. తర్వాత రెండు మూడు రోజులు వంట మధ్యలో, మధ్యాహ్నం పూట, ఫోన్లో అదే పని.

నైఫ్‌లో కే ఉత్తినే రాలేదు. పాతకాలపు ఇంగ్లీషు వాళ్లు దాన్ని పలికేవాళ్లే, 'క్నీఫ్' అన్నట్టు. నోరు మార్చుకుంది, రాత మార్చుకోలేదు. వెన్స్‌డేలో డీ కూడా అంతే, వోడెన్ అనే వాళ్ల పాత దేవుడి పేరులోది. 1476లో కాక్స్‌టన్ అనే ఆయన ఇంగ్లండులో మొదటి అచ్చు యంత్రం పెట్టాడు. సరిగ్గా ఆ శతాబ్దాల్లోనే వాళ్ల దీర్ఘాచ్చులన్నీ ఒకదాని చోటికి ఒకటి జరిగిపోతా ఉన్నాయి. అచ్చులో పడిన రాత పడినట్టు నిలిచిపోయింది, మాట ముందుకు పోయింది. ఇంతవరకు అర్థం చేసుకోవచ్చు. కానీ డెట్‌లో బీ సంగతి వేరే. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ మాటకి బీ లేదు. లాటిన్‌లో దాని మూలంలో బీ ఉంది కదా అని పండితులు తర్వాత తెచ్చి ఇరికించారు. రిసీట్‌లో పీ కూడా ఆ దోవనే వచ్చింది. ఐలాండ్‌లో ఎస్ అయితే శుద్ధ పొరపాటు. ఆ మాటకీ లాటిన్‌కీ సంబంధమే లేదు, 'ఐల్' అనే వేరే మాటను చూసి దీనికీ తగిలించారు. అంటే మా చిన్నోడు తప్పు రాశాడన్న ఆరింటిలో మూడు, ఎప్పుడో పండితులు చేసిన తప్పులే. వాడు ఒక్కోటీ ఇరవై సార్లు రాయాల్సి వచ్చింది!

దీన్ని బాగుచేద్దామని వాళ్లలోనే చాలామంది తలపెట్టారు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828లో వేసిన పెద్ద నిఘంటువు వల్లనే అక్కడ 'కలర్'లో యూ లేకుండా పోయింది. టెక్సాస్‌లో ఉన్న మా అక్క కొడుకు అట్లనే రాస్తాడు, ఇక్కడ మా వాడు అట్లా రాస్తే తప్పు. ఆ వెబ్‌స్టరే నాలుకకు 'టంగ్' అని తేలికగా టీ యూ ఎన్ జీ చాలన్నాడు. అది ఎవరూ ఒప్పుకోలేదు. 1906లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు సులువు స్పెల్లింగులు వాడమని ప్రభుత్వ అచ్చు ఆఫీసుకి ఆజ్ఞ వేశాడు. ఉక్కు కోటీశ్వరుడు కార్నెగీ ఆ పనికి డబ్బు కూడా పెట్టాడు. పత్రికలు ఎగతాళి చేశాయి, చట్టసభ అడ్డం తిరిగింది, ఆ ఏడాది ముగిసేలోపే అధ్యక్షుడంతటి వాడు వెనక్కి తగ్గాడు. బెర్నార్డ్ షా 1950లో పోతూ కొత్త అక్షరమాల కోసం వీలునామాలో డబ్బు రాసిపెట్టాడు. అక్షరాలు తయారయ్యాయి, 1962లో ఆయన నాటకం ఒకటి ఆ లిపిలో అచ్చయింది, అంతటితో సరి. 1960ల్లో బ్రిటన్ బడుల్లో చిన్నపిల్లలకు పలికినట్టు రాసే 40కి పైగా అక్షరాలు నేర్పి చూశారు. పిల్లలు చకచకా చదివారట. తీరా మామూలు ఇంగ్లీషుకి మారేసరికి కొందరికి మొదటికొచ్చింది. వాళ్లని తల్చుకుంటే జాలేసింది.

మరి మనవాళ్లం ఏం చేశాం? ఇది నాకు రోటి దగ్గర తట్టింది. మేం స్పెల్లింగు మార్చలేదు, ఉచ్చారణే మార్చేశాం! కుళాయి బాగుచేసే ఆయన్ని ఇంగ్లీషు వాళ్లు బీ పలక్కుండా 'ప్లమర్' అంటారు. మనం శుభ్రంగా 'ప్లంబరు' అంటాం. బీ రాసి ఉంది కదా మరి, వదిలేస్తామా! నా చిన్నప్పుడు మా సారు స్పెల్లింగులు గుర్తుండడానికి 'వెడ్ నెస్ డే', 'టు గెట్ హర్' అని విడగొట్టి రాగం తీయించేవారు. ఆ రాగం లేకపోతే నేను పదో తరగతి గట్టెక్కేదాన్ని కాదు. మా చిన్నోడికీ అదే నేర్పాను. వాడికి 'క్నైఫ్' మహా నచ్చింది. రెండు రోజులు ఇంట్లో చాకుని క్నైఫ్ అనే అడిగాడు.

ఊర్ల పేర్లకు మాత్రం రాత మార్చుకున్నాం. పక్క జిల్లా కడపను ఇంగ్లీషులో సీ యూ డీ డీ అంటూ మొదలుపెట్టి చివర ఒక హెచ్ కూడా తగిలించి రాసేవాళ్లు. 2005లో దాన్ని పలికినట్టు, కే ఏ డీ ఏ పీ ఏ చేశారు. మా తాడిపత్రికి పాత ఇంగ్లీషు పుస్తకాల్లో డీ తర్వాత ఐ ఉండదు, 'తాడ్‌పత్రి' అని ఉంటుంది. ఇప్పుడు ఐ పెట్టి రాస్తున్నాం. అయితే ఒక మాట, మా ఊరి బస్టాండులో నిలబడి వినండి. తొందరలో అందరూ అనేది 'తాడ్పత్రి' అనే! దొర తప్పు రాశాడనుకుంటాం గానీ, పాపం విన్నది విన్నట్టు రాశాడేమో.

ఇక నేను గొప్పగా చెప్పిన తెలుగు సంగతి.

వంటింట్లో డబ్బాలు చూడండి. జొన్నలు, జీలకర్ర. రెండింటికీ ఒకే జ. నోట్లో అవి రెండూ ఒకటేనా? ఒకదానికి నాలుక పళ్లకు తగులుతుంది, ఇంకోదానికి పైకి పోతుంది. చాపా చీపురూ అంతే. పాత నిఘంటువుల్లో ఈ దంత్యాలకి నెత్తిన చిన్న గుర్తు పెట్టేవాళ్లు, మామూలు రాతలో అదీ లేదు. బ్రహ్మ అని రాస్తాం, హ ముందు, మ కింద. నోటితో మ ముందు పలుకుతాం. మధ్యాహ్నం అని రాసి మధ్యానం అంటాం. ఋషికి ఋ రాస్తాం, పలికేది రు. జ్ఞానం అని రాసేటప్పుడు జ కింద ఞ పెడతాం, నోట్లో గ వస్తుంది. ఈ 'జ్ఞ' మన నైఫ్ అన్నమాట. దాన్ని తప్పు రాసిన పిల్లల్ని నేను ట్యూషన్లో కొట్టాను కూడా.

తెలుగులో కొన్ని పలకని అక్షరాలు తీసేశారు, అందుకే మనకి ఇంత సులువు. మూడు అనే మాటని మా తాతల పుస్తకాల్లో 'మూఁడు' అని అరసున్నతో రాసేవాళ్లు. ఆ అరసున్నని ఎవరూ పలకరు. కానీ తమిళంలో 'మూన్ఱు' అంటే అందులో న వినపడుతుంది. మన నోట్లో కరిగిపోయిన ఆ ముక్కు శబ్దానికి గుర్తే అరసున్న. బండి ఱ కూడా అంతే. ఒకప్పుడు ర వేరు, ఱ వేరు. నోట్లో రెండూ ఎప్పుడో కలిసిపోయాయి, రాతలో మాత్రం నా చదువు రోజుల్లోనూ పండితులు పట్టుబట్టేవాళ్లు. చెఱువుకీ బండి ఱే, కఱవుకీ బండి ఱే. మా అనంతపురం వాళ్లకి ఆ రెండూ ఒకే బండిలో వచ్చాయి. బండి దిగిపోయింది, కరువు దిగలేదు.

బి.ఏ.లో వ్యావహారిక భాషోద్యమం అంటే పది మార్కుల ప్రశ్న. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టారు, అటుపక్క 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులుగారు. అన్నీ రాశాను, మార్కులూ వచ్చాయి. పంతులుగారు చేసిన ఒక పని మాత్రం అప్పట్లో నవ్వు తెప్పించింది, ఇప్పుడు ఎక్కడో గుచ్చుకుంది. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల పుస్తకాలే తీసుకుని, వాళ్ల వ్యాకరణం ప్రకారమే వాళ్లు చేసిన తప్పుల్ని ఏరి చూపించారు. దానికో పుస్తకం, పేరు 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం'. ఆయనే లిపి లేని సవరల భాషను వాళ్ల దగ్గరే నేర్చుకుని, వాళ్ల నోట వచ్చినట్టే రాయడానికి ఏళ్ల తరబడి కష్టపడ్డారు. 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. సవరలకు మీ మాట తప్పు అని ఆయన చెప్పలేదు. వాళ్లు ఎట్లా అంటే అట్లా రాయడానికి అక్షరాలు వెతికారు.

ఆయన గెలిచారు. పత్రికలు, పుస్తకాలు వాడుక భాషలోకి వచ్చాయి. వచ్చింది ఎవరి వాడుక? కృష్ణా గోదావరి వైపు చదువుకున్నవాళ్ల వాడుక. మా అత్తది కాదు. ఇంగ్లీషు వాళ్ల సంస్కరణలు కూడా సగం ఇక్కడే ఆగాయనిపిస్తుంది నాకు. పలికినట్టు రాద్దాం అనగానే, ఎవరు పలికినట్టు అన్న ప్రశ్న వస్తుంది. లండన్ నోరా, స్కాట్లండ్ నోరా, టెక్సాస్ నోరా? ఒకరి నోటికి సరిపోయే స్పెల్లింగు ఇంకొకరికి మళ్లీ కంఠస్థమే. చెనక్కాయలు తీసుకోండి. మా పక్క అట్లా అంటాం, తెలంగాణలో పల్లికాయలు, పుస్తకంలో వేరుశనగ. నేను మా అత్త చీటీలో దిద్దింది స్పెల్లింగు కానే కాదు. ఆమె నోరు. 'సెక్కర' అనే నోరు 'సెక్కర' అని రాసింది, నేను మా వాడితో గొప్పగా చెప్పిన నియమం ప్రకారం ఆ చీటీలో ఒక్క తప్పు లేదు.

బ్యాళ్ల సంగతి ఇంకా తలొంచుకునేది. 'బ్యా' అనే శబ్దానికి మనకి విడిగా అక్షరం లేదు. ఇంగ్లీషు బ్యాంకు వచ్చినప్పుడు య వత్తు పెట్టి సర్దుకున్నాం, దానికి పేపర్లలో, బోర్డుల మీద చోటిచ్చాం. లాంతరు వెలుగులో చదువు నేర్చుకున్న మనిషి అదే ఉపాయంతో బ్యాళ్లు అని రాసింది. బ్యాంకుకి ఇచ్చిన మర్యాద నేను బ్యాళ్లకి ఇవ్వలేదు. అంగడాయన ఎప్పుడూ ఆ చీటీని తప్పు చదవలేదు, ఒక్కసారి కూడా చక్కెర బదులు ఇంకోటి కట్టి పంపలేదు. నేను కందిపప్పు అని దిద్ది పంపిన రోజే, "ఏం పప్పు మ్మా, బ్యాళ్లేనా?" అని పిల్లోణ్ణి తిప్పి పంపాడు. అది కూడా ఆ రాత్రే గుర్తొచ్చింది.

చిత్తూరు మాటలో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాసిన కథల్ని నేను ఎంత ఇష్టంగా చదివాను! పుస్తకంలో ఉంటే యాస, మా ఇంటి చీటీలో ఉంటే తప్పు.

పరీక్షలో మా వాడు నైఫ్‌కి కే రాయాల్సిందే, అది వాడికి గట్టిగానే చెప్పాను. ఇంగ్లీషు స్పెల్లింగు నేను మార్చేది కాదు, అధ్యక్షుడి వల్లే కాలేదు. జ్ఞానంలో ఞ కూడా ఉండనీ, నాకు ఆ అక్షరం మీద ప్రేమ. ఏ మాట ఎందుకట్లా ఉందో వాడికి కథలా చెబుతున్నాను, అంతే. ఐలాండ్‌లో ఎస్ ఒక పండితుడి పొరపాటు అని చెబితే వాడికి ఎంత సంతోషమో! క్లాసులో అందరికీ చెప్పొచ్చాడట. దానికి ఏమైనా ఎర్ర గీత పడిందేమో, నాకింకా చెప్పలేదు.

నెలాఖరున చీటీ రాసే పొద్దు వచ్చింది. కాగితం, పెన్ను తీసుకుపోయి మా అత్త ముందు పెట్టాను. "ఈ నెల నువ్వే రాయి అత్తా" అన్నాను. ఇంకా ఏదో అనాలనుకున్నాను, గొంతులోంచి రాలేదు.

ఆమె కాగితం వైపు చూసి, నా వైపు చూసి, "ఇంగ ఏం రాస్తును పాపా. కండ్లు ఆనవు, శెయ్యి వణుకుతాది" అంది. కోపంగా అనలేదు. నిజంగానే పొర కమ్మింది, పోయినేడు ఒక కంటికి ఆపరేషన్ చేయించాం, ఇంకోటి చేయించాలి. ఇరవై ఏళ్ల కింద అయితే రాసేది.

మా చిన్నోడు మధ్యలో దూరాడు. "జేజీ, నువ్వు సెప్పు, నేను రాస్తా. డిక్టేషన్!" అని పెన్ను లాక్కున్నాడు.

ఆమె కాళ్లు చాపుకుని, కండ్లు మూసుకుని, బడిలో సారు మాదిరి ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది. "సెక్కర రెండు కేజీలు." వాడు రాయబోయి ఆగి నా మొహం చూశాడు. నేను పొయ్యి మీద పాలు చూసే నెపంతో లోపలికి వచ్చేశాను. వంటింట్లోంచి వినపడుతూనే ఉంది. సింతపండు అర కేజీ. బ్యాళ్లు మూడు కేజీలు. ఎర్రగడ్డలు. తెల్లగడ్డలు. బొరుగులు ఒక పడి. అగ్గిపెట్టి డజను. "డజనుకి జ నా, జ్ఞ నా జేజీ?" అని వాడు, "నాకేం దెలుసురా, మీయమ్మనడుగు" అని ఆమె, ఇద్దరూ పడీ పడీ నవ్వడం.

సాయంత్రానికి సరుకులొచ్చాయి. చీటీ పెట్టుకుని ఒక్కోటీ సరిచూశాను. అన్నీ వచ్చాయి, బెల్లం తప్ప. అది చెప్పడమే మర్చిపోయిందట మా అత్త.